ఇంటర్వెల్ కబుర్లు: హీరో కళ్ళు తెరిచాడు... తర్వాత?

మన సినిమాల్లో హీరో మోటారు సైకిలు మీంచి పడటం ఎప్పుడైనా గమనించారా? బండి గాల్లోకి లేస్తుంది, పల్టీ కొడుతుంది, భగ్గుమని మండుతుంది. హీరో మాత్రం లేచి నిలబడి, చొక్కా దులుపుకుని, పెదవి చివర ఓ చుక్క రక్తం తుడుచుకుని విలన్ వెంట పరుగెడతాడు. ఒకవేళ కథ కోసం ఆస్పత్రిలో పడాల్సి వస్తే నుదుటి చుట్టూ తెల్ల కట్టు, కట్టు మీద రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ! అమ్మ గుడిలో గంట కొడుతుంది. ఇక్కడ వేలు కదులుతుంది. కళ్ళు తెరుస్తాడు. డాక్టరు గారు కళ్ళజోడు తీసి, ఇక ప్రమాదం లేదంటారు. అంతే, తర్వాతి సీనులో ఫైటు. ఆ పై సీనులో పాట!

చూడ్డానికి బాగానే ఉంటుంది. చప్పట్లు కొట్టేవాళ్ళలో మనమూ ఉంటాం. కాకపోతే ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరవడం దగ్గర సినిమా వాళ్ళు ‘శుభం’ కార్డు వేస్తారు. నిజ జీవితంలో టైటిల్స్ పడేదే అక్కడ్నించి. ఆ సంగతి మనకి ఒక సినిమా హీరోయే చూపించాడు. ఈ వారం కబుర్లు దాని మీదే.

* * *

2021 సెప్టెంబరు 10, శుక్రవారం. వినాయక చవితి పండుగ రాత్రి. హైదరాబాదులో దుర్గం చెరువు మీద కొత్తగా వెలిసిన తీగల వంతెన దాటి, మాదాపూర్ వైపు రోడ్డు మీద సాయి ధరమ్ తేజ్ మోటారు సైకిలు జారింది. చిరంజీవి గారి మేనల్లుడు, అప్పటికి 34 ఏళ్ళ కుర్రాడు. ‘పిల్లా నువ్వులేని జీవితం’తో 2014లో తెర మీదికొచ్చి, ‘చిత్రలహరి’, ‘ప్రతిరోజూ పండగే’ సినిమాలతో ఇంటింటివాడూ అయినవాడు. రోడ్డు మీద మట్టీ ఇసకా ఉండటంతో బండి జారిందన్నారు పోలీసులు. వేగం గురించి కూడా కేసు పెట్టారు. ఎవరి పాలు ఎంతన్నది చట్టం చూసుకునే సంగతి. మనం చూడాల్సింది ఇంకోటుంది. ఆ రాత్రి అతని తల మీద హెల్మెట్ ఉంది.

దారిన పోతున్న ఒక యువకుడు ఆగాడు. పడ్డది ఎవరో ఏమిటో చూసి ఆగలేదు. మనిషి పడ్డాడని ఆగాడు. 108కి ఫోను వెళ్ళింది. దగ్గర్లోని ఆస్పత్రికి, అక్కణ్ణించి జూబ్లీ హిల్స్ అపోలోకి తీసుకెళ్ళారు. స్పృహ లేదు. వెంటిలేటర్ పెట్టారు. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది, దానికి రెండు రోజుల్లో ఆపరేషన్ చేశారు. ఆస్పత్రి బులెటిన్ల కోసం జనం పరీక్ష ఫలితాలకి చూసినట్టు ఎదురు చూశారు.

అతను మంచం మీద ఉండగానే అక్టోబరు 1న ‘రిపబ్లిక్’ విడుదలైంది. దేవా కట్టా తీసిన ఆ సినిమాలో తేజ్ ఐ.ఏ.ఎస్. ఆఫీసరు. తెర మీద ఆ ఆఫీసరు కోర్టులో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే, ఆ మాటలు పలికిన మనిషి ఆస్పత్రిలో ఒక్కొక్క మాటా వెతుక్కుంటున్నాడు. ఏ రచయిత రాసినా అతి అనిపించే సీను అది!

అక్టోబరు 15న ఇంటికొచ్చాడు. ఆ రోజు విజయదశమి. అతని పుట్టినరోజు కూడా. అభిమానులు టపాకాయలు కాల్చారు. కథ సుఖాంతం అనుకున్నారు అందరూ. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మాట సరిగ్గా వచ్చేది కాదనీ, నోటి దాకా వచ్చిన మాట బయటికి రావడానికి యుద్ధం చేయాల్సి వచ్చేదనీ తర్వాత తనే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. నటుడికి మాట పోవడమంటే వడ్రంగికి చెయ్యి పోవడం లాటిది. గొంతు ఉంది, నాలుక ఉంది, చెప్పాల్సింది మనసులో ఉంది. ఆ మూడింటికీ మధ్య తీగ తెగింది, అంతే!

2023 ఏప్రిల్ 21న ‘విరూపాక్ష’ విడుదలైంది. సెప్టెంబరు నుంచి లెక్కేసుకుంటే 19 నెలలు. ఆ మధ్యలో జరిగింది ఏ పాటలోనూ చూపించలేదు. మళ్ళీ నడవడం, మళ్ళీ పలకడం, మళ్ళీ డైలాగు కంఠతా పట్టడం, కెమెరా ముందు మళ్ళీ భయపడటం, ఆ భయాన్ని మళ్ళీ పోగొట్టుకోవడం. కార్తీక్ దండు తీసిన ఆ సినిమా చూసి జనం బ్రహ్మరథం పట్టారు. అదే ఏడాది జులైలో ‘బ్రో’ వచ్చింది. అందులో కథ ఏమిటో గుర్తుందా? రోడ్డు ప్రమాదంలో పోయిన మనిషికి కాలపురుషుడు కనిపించి ఇంకో 90 రోజులు బతకమని గడువిస్తాడు. ఆ పోయి వచ్చిన మనిషి వేషం వేసింది ఎవరో తెలుసు కదా... తేజే! కాలపురుషుడు మేనమామ పవన్ కల్యాణ్. 2024లో తల్లి పేరు కలుపుకుని సాయి దుర్గ తేజ్ అయ్యాడు. ఇప్పుడు ఏ సభకి పిలిచినా రెండు మాటలు చెప్పకుండా దిగడు: బతికున్నానంటే హెల్మెట్ వల్లే, మీరూ పెట్టుకోండి!

* * *

‘విరూపాక్ష’ సంగతి ఈ పేజీలో రాసిన తర్వాత గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దంది, వెయ్యను. ఆమె కొడుకు బండి మీంచి పడి ఏడు నెలలైంది. తలకి దెబ్బ. పన్నెండు రోజులు స్పృహ లేదు. దేవుడి దయ వల్ల లేచాడు, నడుస్తున్నాడు, తింటున్నాడు. చూసినవాళ్ళంతా అదృష్టవంతురాలివంటున్నారట. కానీ మావాడు మావాడిలా లేడండీ, అని రాసింది. చిన్న మాటకే గిన్నె విసిరేస్తాడట. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మర్చిపోతాడట. పగలంతా పడుకుంటాడట. పప్పు మాడిపోతున్నా వాసన తెలియదంటాడట. హీరో గారు సినిమా కూడా చేసేశారు, మావాడెప్పుడు మామూలు మనిషవుతాడని అడిగింది.

అమ్మా, ఈ ప్రశ్న మీ ఒక్కరిదే కాదు. జవాబు మన సినిమాలు చెప్పలేదు కాబట్టి సినిమా పేజీలోనే చెప్పుకుందాం.

మెదడు గట్టి వస్తువు కాదు. జున్ను ముక్కలా మెత్తగా ఉంటుంది. పుర్రె అనే గట్టి గిన్నెలో, నీళ్ళలో తేలుతూ ఉంటుంది. బండి వేగంగా పోతూ ఒక్కసారి ఆగిపోతే తల ఆగుతుంది గానీ లోపలున్న మెదడు ఆగదు. ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, మెలి తిరుగుతుంది. లోపలి సన్నని నరాల పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. పైకి ఒక్క గీత కూడా లేకపోవచ్చు. అందుకే చూసేవాళ్ళు, దెబ్బలేం లేవు కదా, బాగానే ఉన్నాడు కదా అంటారు. చెయ్యి విరిగితే కట్టు కనిపిస్తుంది, బస్సులో సీటిస్తారు. మెదడుకి తగిలిన దెబ్బకి కట్టుండదు. కాబట్టి జాలీ ఉండదు!

కోపాన్ని అదుపులో పెట్టేది మెదడు ముందు భాగం, నుదుటి వెనక ఉన్నది. దెబ్బ ఎక్కువగా తగిలేదీ అక్కడే. వాసన తెలిపే నరాలు ఆ భాగానికి కిందే, పుర్రె అడుగున సన్నని బొర్రల్లోంచి ముక్కులోకి దిగుతాయి. మెదడు కదిలితే అవి తెగిపోతాయి. మీవాడికి పప్పు మాడిన వాసన తెలియకపోవడం వేషం కాదు, తిక్క కాదు. అది దెబ్బే. గిన్నె విసిరేయడం కూడా సగం ఆ దెబ్బే. దెయ్యం పట్టిందనో, కోడలి పాదం మంచిది కాదనో చుట్టాలంటే చెవిని పెట్టకండి. ‘విరూపాక్ష’లో చేతబడులు చూడ్డానికి బాగుంటాయి. ఇంట్లో న్యూరాలజీ డాక్టరే కావాలి.

పగలంతా పడుకోవడం బద్ధకం కాదు. దెబ్బతిన్న మెదడుకి స్నానం చేసి, అన్నం తిని, నలుగురితో పది నిమిషాలు మాట్లాడటమే పొలం దున్నినంత పని. ఒకేసారి పదిమందిని చూడనివ్వకండి. టి.వి. పెట్టి, ఫోను ఇచ్చి, పక్కన కూర్చుని ప్రశ్నలేయకండి. ఒక సమయంలో ఒక్క పని. గోడకి పలక తగిలించి ఆ రోజు చేయాల్సినవి పెద్దక్షరాలతో రాయండి. మందులు వేళకి పడాలి, ముఖ్యంగా ఫిట్స్ మందు. తగ్గింది కదా అని మీ అంతట మీరు మానిపించకండి. మందు చుక్క, సిగరెట్టు దరి చేరనివ్వకండి. డాక్టరు సరేననే దాకా బండి తాళం మీ కొంగునే ఉండాలి.

ఎప్పటికి బాగవుతాడు? తారీఖు ఎవరూ చెప్పలేరు. చెప్పినవాళ్ళని నమ్మకండి. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది. తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడమంటే ఆగిపోవడం కాదు. ఏడాదికి, రెండేళ్ళకి, ఆ తర్వాత కూడా కొత్తగా పనులు వచ్చినవాళ్ళున్నారు. నిన్నటితో పోల్చి చూడకండి, మూడు నెలల కిందటితో పోల్చి చూడండి. అప్పుడు తేడా తెలుస్తుంది. కొన్ని మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. వాసన అలాటిదే. అయినా మనిషి బతుకు బతకొచ్చు. పాత కొడుకు రావాలని ఎదురు చూస్తూ, ఉన్న కొడుకుని పోగొట్టుకోకండి.

సినిమా హీరోకి మంచి ఆస్పత్రి, రోజూ ఇంటికొచ్చే ఫిజియోథెరపీ మనిషి, చుట్టూ చూసుకునే జనం ఉంటారు. మీ ఇంట్లో మీరొక్కరే. ఆ తేడా లెక్కలో వేసుకోకుండా వాడు 19 నెలలకి లేచాడు, నువ్వెందుకు లేవవని పిల్లాణ్ణి అనకండి. అతనికీ సులువుగా రాలేదు.

* * *

ఇక సినిమా వాళ్ళు మనకి నేర్పిన ఇంకో అబద్ధం. తలకి దెబ్బ తగిలి గతం మర్చిపోయినవాడికి మళ్ళీ దెబ్బ తగిలితే గతం తిరిగొస్తుందట! ఎన్ని సినిమాలు ఆడించారో లెక్కలేదు. బాలూ మహేంద్ర గారి ‘వసంత కోకిల’ 1982 నాటిది. అందులో కారు ప్రమాదం తర్వాత శ్రీదేవి చిన్నపిల్లవుతుంది, నయమయ్యాక కమలహాసన్‌ని గుర్తు పట్టదు. ఆ రైల్వే స్టేషన్ సీనుకి ఏడవనివాడు లేడు. నటనకి దండం పెట్టొచ్చు, వైద్యం మాత్రం ఆ పద్ధతిలో జరగదు. నిజంగా జరిగేది వేరు. ఎక్కువమంది తమ పేరూ, అమ్మనీ మర్చిపోరు. ప్రమాదానికి కాస్త ముందు సంగతులూ, ఆస్పత్రిలో మొదటి రోజులూ మాత్రం చెరిగిపోతాయి. ఎలా పడ్డావురా అని పదిమంది పదిసార్లు అడిగినా చెప్పలేడు. దాస్తున్నాడని కాదు, అది ఆ రీలులో ఎక్కనే లేదు. ఇక రెండో దెబ్బ సంగతి... మొదటి దెబ్బ మానక ముందు రెండో దెబ్బ తగిలితే గతం తిరిగి రాదు, ఉన్నది కూడా పోతుంది!

ఇంకో సంగతి విన్నారా? ఎడమ వైపు మెదడు దెబ్బతిని మాట పడిపోయిన కొందరు, మాట్లాడలేరు గానీ పాడగలరు. మంచినీళ్ళు కావాలని అడగలేని మనిషి చిన్నప్పటి పాట పల్లవి ఎత్తుకుంటే మాటలతో సహా పాడేస్తాడు. పాటకి కుడి వైపు మెదడు కూడా చెయ్యేస్తుంది కాబట్టి. దీన్ని పట్టుకునే 1973లో బోస్టన్ వైద్యులు ఒక పద్ధతి కట్టారు. మాటల్ని రాగం తీస్తూ, చేత్తో తాళం వేయిస్తూ పలికించి, మెల్లగా రాగం తీసేసి మాట మిగల్చడం. అందరికీ పని చేస్తుందని కాదు. కానీ ఇంట్లో మాట రాని మనిషి ఉంటే, అతనికి ఇష్టమైన ఘంటసాల గారి పాటో, బాలు గారి పాటో పెట్టి పక్కన కూర్చుని మీరూ గొంతు కలపండి. సినిమా పాట పనికిరాదన్నవాళ్ళు ఒకసారి అది చూడాలి.

* * *

ఎముకల సంగతి కూడా రెండు మాటలు. బండి మీంచి పడ్డవాడు భుజం నేలకి ఆనేలా పడితే ముందు విరిగేది కాలర్ బోన్. పెద్దవాళ్ళకి అది అతకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు. మోకాలి కింద ఎముక అయితే నాలుగు నుంచి ఆరు నెలలు. సిగరెట్టు తాగేవాడికి ఇంకా ఆలస్యం, ఎందుకంటే పొగ ఎముకకి రక్తం సరిగ్గా అందనివ్వదు. మంచం మీద పడుకున్న రోజుల్లో కండ కరిగిపోతుంది. అందుకే కట్టు విప్పిన రోజున కాలు ఈనుపుల్లలా కనిపించి పేషెంటు ఏడుస్తాడు. అది కాలు పోవడం కాదు, కాలు పని మర్చిపోవడం. ఫిజియోథెరపీ అంటే ఆ పని మళ్ళీ నేర్పడమే. నొప్పి పుడుతుంది. నొప్పని మానేస్తే భుజం బిగుసుకుపోతుంది, తర్వాత దువ్వెన తల దాకా రాదు.

మనలో చాలామందికి ఎముక విరిగిందనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. చిత్తూరు వైపు నుంచి ఆ పేరు మన రాష్ట్రాలన్నీ తిరిగింది. దాని మీద నమ్మకం ఉన్నవాళ్ళతో పోట్లాట నాకొద్దు. కానీ ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, వేళ్ళు చల్లబడి రంగు మారినా, తలకి దెబ్బ తగిలినా, కట్టు కోసం ఊళ్ళు దాటి ప్రయాణం పెట్టుకోకండి. మొదట ఆస్పత్రి. ఎక్స్ రే. తర్వాతే మిగతావి.

* * *

ఇంతకీ ఆ హెల్మెట్ ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? అదీ సినిమాతోనే ముడిపడిన కథ. 1962లో డేవిడ్ లీన్ తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ ఏడు ఆస్కార్లు కొట్టింది. ఎడారి సినిమా కదా, ఒంటెతో మొదలవుతుందనుకుంటాం. మోటారు సైకిలుతో మొదలవుతుంది! పీటర్ ఒటూల్ బండి తుడుచుకుని, ఎక్కి, వేగం పెంచి, ఎదురుగా సైకిళ్ళ వాళ్ళు కనబడేసరికి పక్కకి తిప్పుతాడు. తర్వాత కొమ్మకి వేలాడుతున్న కళ్ళజోడు. అంతే, మనిషి లేడు.

అది కల్పన కాదు. టి.ఇ. లారెన్స్ అనే ఆ మనిషి 1935 మే 13న ఇంగ్లండులోని తన ఇంటి దగ్గర, సైకిళ్ళ మీద వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్ళని తప్పించబోయి బ్రఫ్ సుపీరియర్ బండి మీంచి పడ్డాడు. తలకి ఏమీ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి 19న పోయాడు. 46 ఏళ్ళు. అతన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకాయన ఉన్నారు. ఈ మనిషిని బతికించలేకపోయాం, ఇలాటివాళ్ళు ఇంకెందరో అన్న బాధ ఆయన్ని వదల్లేదు. యుద్ధకాలంలో ఉత్తరాలు మోసే సైనికులు మోటారు సైకిళ్ళ మీంచి పడి చచ్చిపోతుంటే లెక్కలు తీసి, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళ తలకి తగిలే దెబ్బ తేలికగా ఉంటోందని 1941లో రాశారు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి అక్కడ చట్టం రావడానికి 1973 దాకా పట్టింది. కెయిర్న్స్ 1952లోనే పోయారు, చూడలేదు. లారెన్స్ పడ్డ 86 ఏళ్ళ తర్వాత హైదరాబాదులో ఒక తెలుగు హీరో బతికాడంటే, ఆ రుణంలో కొంత ఆ డాక్టరు గారిది.

హెల్మెట్‌లో పని చేసేది పైన మెరిసే డిప్ప కాదు, లోపలున్న థర్మోకోల్ లాటి దళసరి పొర. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగడానికి పట్టే సమయాన్ని సాగదీస్తుంది. మెదడుకి ఆ సెకనులో చిన్న ముక్కే ప్రాణం. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మళ్ళీ పనికిరాదు. గడ్డం కింద పట్టీ పెట్టకపోతే మనిషి కంటే ముందు అదే ఎగిరిపోతుంది. నేను నెమ్మదిగానే పోతానండీ అనేవాళ్ళకి ఒక లెక్క: బండి కదలకుండా నిలబడి ఉన్నా సరే, అయిదడుగుల ఎత్తునుంచి తల నేలకి తగిలేసరికి వేగం గంటకి దాదాపు 20 కిలోమీటర్లు!

2008 నాటి ఒక సమీక్షలో అనేక దేశాల పరిశీలనలన్నీ కలిపి చూశారు. హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తల దెబ్బల ముప్పు 69 శాతం తగ్గుతోందని తేలింది. మన దేశంలో 2022లో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో రెండు చక్రాల బళ్ళ మీద వాళ్ళు 74,897. హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029. అందులో 14 వేల పైచిలుకు వెనక కూర్చున్నవాళ్ళు. నడిపేవాడికే కదా హెల్మెట్ అనే మాట ఇక అనకండి. తేజ్ పడటానికి మూడు నెలల ముందు, 2021 జూన్‌లో, జాతీయ ఉత్తమ నటుడి అవార్డు తీసుకున్న కన్నడ నటుడు సంచారి విజయ్ స్నేహితుడి బండి మీద వెనక కూర్చుని వెళ్తూ పడ్డాడు. బతకలేదు. ఇంటివాళ్ళు ఆ దుఃఖంలోనే అవయవాలు దానం చేశారు.

మన ఇంట్లో సంగతి కూడా ఉంది. ‘మామగారు’ నుంచి మొదలుపెట్టి కోట, బాబు మోహన్ జంట మనల్ని ఎంత నవ్వించిందో చెప్పక్కర్లేదు. బాబు మోహన్ గారు 2003లో, కోట శ్రీనివాసరావు గారు 2010లో ఎదిగిన కొడుకుల్ని పోగొట్టుకున్నారు. ఇద్దరివీ మోటారు సైకిలు ప్రమాదాలే. అంత నవ్వించిన జంటకి ఒకటే ఏడుపు రాసిపెట్టి ఉంది. ఇంతకంటే నేను రాయలేను.

* * *

మరి మన సినిమాల్లో హెల్మెట్ ఎప్పుడు కనిపిస్తుంది? గుర్తు చేసుకోండి. కిడ్నాప్ చేసే విలన్ మనుషులు పెట్టుకుంటారు, మొహం కనబడకూడదు కాబట్టి. హీరోకి బదులు దూకే డూప్ పెట్టుకుంటాడు, అదే కారణం. హీరోయిన్ మొదటిసారి వచ్చినప్పుడు పెట్టుకుంటుంది, తీసి జుట్టు విదిలించడానికి! హీరో మాత్రం పెట్టుకోడు. ‘షోలే’లో జై, వీరూ పాడుతూ పోయినప్పుడూ లేదు. ‘బాబీ’ వచ్చాక ఆ చిన్న రాజ్‌దూత్‌ని జనం బాబీ బండి అనే పిలిచారు. బండికి సినిమా పేరు పెట్టుకున్న కుర్రాళ్ళు హీరో తల చూసి తల దువ్వుకోరా? హీరో మొహం కనబడాలి, నిజమే. పాటలో వద్దు, పోనీ. ఇంటి ముందు బండి స్టార్టు చేసే ఒక్క షాటులో పెట్టుకుంటే ఏం పోయింది? దర్శకులు ఆలోచించాలి.

జుట్టు ఊడుతుంది, చెమట పడుతుంది, మెడ నొప్పి అనేవాళ్ళున్నారు. తలే లేకపోతే జుట్టుకి చోటేదండీ! ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నది, తలకి సరిపడేది కొనండి. చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ ఉండాలి. ట్యాంకు మీద కూర్చోబెట్టిన పిల్లాడికి మీ పొట్ట హెల్మెట్ కాదు.

దారిలో ఎవరైనా పడితే ఆగండి. 108 కొట్టండి. మన దగ్గర 2005 ఆగస్టు 15 నుంచి ఉంది ఆ బండి. కాళ్ళూ చేతులూ పట్టుకుని ఆటోలో కుక్కకండి, మెడ విరిగి ఉండొచ్చు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టండి. పోలీసులు, కోర్టులు అని భయపడకండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను సాయం చేసినవాడికి అండగా ఉంది. ఇష్టం లేకపోతే మీ పేరు కూడా చెప్పక్కర్లేదు. 2025లో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకూ డబ్బు కట్టకుండా వైద్యం అందాలి. ఆస్పత్రిలో అడగండి.

ఈ వారం ఫస్ట్ షోకి బండి మీద వెళ్ళేవాళ్ళు స్టాండులో ఒకసారి చుట్టూ చూడండి. హెల్మెట్లు చాలా కనిపిస్తాయి. కొన్ని అద్దానికి వేలాడుతూ, కొన్ని ట్యాంకు మీద, కొన్ని మోచేతికి గాజులా! బండికి తల లేదు, మోచేతిలో మెదడు లేదు. ఆట వదిలాక ఇంటికి పోయేటప్పుడు దాన్ని ఉండాల్సిన చోట పెట్టుకుని పట్టీ బిగించండి. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా.

వచ్చే వారం ఇంకో కబురు. అందరూ క్షేమంగా ఉంటేనే సుమా!